కారు స్పార్క్ ప్లగ్గులు: మీరే విప్పి, చూసి, మార్చుకోవడం ఎలా?

పెట్రోలు కారు ఉన్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు మూడు. ప్లగ్గులు ఎప్పుడు మార్చాలి? మెకానిక్ విప్పి చూపించిన ప్లగ్గు నల్లగా ఉంది, ఇంజిన్ పాడైనట్టేనా? ఈ పని ఇంటి దగ్గర మనమే చేసుకోవచ్చా? మూడింటికీ జవాబులు ఒకేచోట ఉంటే మేలని ఇది రాస్తున్నాను.

చివరి ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను. చేసుకోవచ్చు. చాలా కార్లలో ఇది గంటలోపు పని. అయితే ఉక్కు ప్లగ్గు బిగిసేది అల్యూమినియం హెడ్డులోకి, అంటే సిలిండర్లను పైనుంచి మూసి ఉంచే భాగంలోకి. మరలు వంకరగా పట్టుకున్నప్పుడు బలం పెట్టి తిప్పితే ప్లగ్గుకు ఏమీ కాదు, హెడ్డు మరలు చెడిపోతాయి. కొన్ని వందల రూపాయల పని వేల రూపాయల పని అయ్యేది అక్కడే. అందుకే కొన్నిచోట్ల మరీ చాదస్తంగా చెబుతున్నట్టు అనిపించినా, ఆ మాటలు దాటవేయవద్దు.

ఇంకొక మాట. పాత ప్లగ్గులను విప్పగానే పారేయవద్దు. సిలిండర్ లోపల ఇన్నాళ్ళూ ఏం జరిగిందో ఆ ప్లగ్గు మూతి మీద కనిపిస్తుంది. కొత్త ప్లగ్గు వేయడం ఎవరైనా చేస్తారు, పాతదాన్ని చూసి అర్థం చేసుకున్నవారికి తరువాతి ఖర్చు తగ్గుతుంది.

మీది డీజిల్ కారైతే ఇది మీకు వర్తించదు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులు ఉండవు. అందులో ఉండే గ్లో ప్లగ్గుల పని వేరు, మార్చే పద్ధతి వేరు.

ముందుగా కాస్త అవగాహన

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులకు పెంచుతుంది. ఆ కరెంటు ప్లగ్గు మధ్యలో ఉన్న ఎలక్ట్రోడ్ నుంచి పక్కన వంగి ఉన్న ఎలక్ట్రోడ్‌కు దూకినప్పుడు నిప్పురవ్వ పుడుతుంది. రెండింటి మధ్య దూరాన్నే గ్యాప్ అంటాం. చాలా కార్లలో ఇది 0.7 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది. వాడేకొద్దీ ఎలక్ట్రోడ్లు అరిగి గ్యాప్ పెరుగుతుంది. గ్యాప్ పెరిగితే దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ భారం కాయిల్ మీద పడుతుంది. ప్లగ్గులు మార్చకుండా ఏళ్ళ తరబడి నడిపిన కార్లలో కాయిళ్ళు కాలిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఎలక్ట్రోడ్ కొనలు నికెల్‌తోనో, ప్లాటినంతోనో, ఇరిడియంతోనో చేస్తారు. నికెల్ ప్లగ్గులు సాధారణంగా 20 నుంచి 40 వేల కిలోమీటర్లు వస్తాయి. ఇరిడియంవి 80 వేల నుంచి లక్ష దాకా వస్తాయి. కచ్చితమైన అంకె మీ కారు మాన్యువల్‌లోని సర్వీసు పట్టికలో ఉంటుంది. దుకాణదారు చెప్పింది, పక్కింటివారి కారుకు వేసింది ప్రమాణం కాదు.

ఇరిడియం వేస్తే మైలేజీ పెరుగుతుందా అని చాలామంది అడుగుతారు. అరిగిపోయిన ప్లగ్గులు తీసి ఇరిడియం వేస్తే తేడా తెలుస్తుంది. కానీ అదే చోట కొత్త నికెల్ ప్లగ్గులు వేసినా దాదాపు అంతే తేడా తెలుస్తుంది. ఇరిడియం గొప్పదనం దాని ఆయుష్షు. కంపెనీ నికెల్ వేసిన కారుకు సరిపోయే ఇరిడియం వేసుకోవచ్చు. కంపెనీ ఇరిడియం వేసిన కారుకు మాత్రం డబ్బు ఆదా అవుతుందని నికెల్ వేయకండి.

ప్లగ్గు కొనేటప్పుడు దాని మీది నంబరు అక్షరం అక్షరం సరిచూడాలి. ఉదాహరణకు ఎన్‌జీకే వారి బీపీఆర్6ఈఎస్-11 తీసుకుందాం. ఇందులో ‘బీ’ అంటే 14 మి.మీ. మరలు, ‘ఆర్’ అంటే లోపల రెసిస్టర్ ఉంది, ‘6’ హీట్ రేంజి, ‘ఈ’ అంటే మరల భాగం పొడవు 19 మి.మీ., చివరి ‘11’ అంటే గ్యాప్ 1.1 మి.మీ. హీట్ రేంజి అంటే ప్లగ్గు తన మూతి వేడిని ఎంత త్వరగా హెడ్డులోకి వదిలేస్తుందో చెప్పే అంకె. మూతి సుమారు 500 డిగ్రీల సెల్సియస్‌కు చేరకపోతే మసి కాలిపోక పేరుకుంటుంది. 850 డిగ్రీలు దాటితే నిప్పురవ్వ పడకముందే పెట్రోలు మండిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడొక తిరకాసు ఉంది. ఎన్‌జీకే, డెన్సో నంబర్లలో అంకె పెద్దదైతే ప్లగ్గు చల్లనిది. బాష్ నంబర్లలో అంకె పెద్దదైతే వేడిది. అందుచేత కంపెనీ మారినప్పుడు అంకె ఒకటే కదా అని తీసుకోవద్దు, ఆ కంపెనీ ఇచ్చే సరిపోలిక పట్టిక చూసి తీసుకోండి. మరల పొడవు తప్పితే ఇంకా ప్రమాదం. పొడవెక్కువైతే పిస్టన్‌కో వాల్వుకో తగలవచ్చు.

నకిలీ ప్లగ్గులు మార్కెట్లో ఉన్నాయి. అధీకృత విడిభాగాల దుకాణంలో బిల్లుతో కొనండి. పెట్టె విప్పి చూస్తే అక్షరాల అచ్చు మసకగా ఉన్నా, మరలు గరుకుగా ఉన్నా, మధ్య ఎలక్ట్రోడ్‌కు సరిగ్గా ఎదురుగా పక్క ఎలక్ట్రోడ్ లేకపోయినా తిరిగి ఇచ్చేయండి.

ఎప్పుడు విప్పి చూడాలి?

మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లు నిండినప్పుడు చూడాలి. అవి నిండకపోయినా ఉదయం సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంటే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణుకుతుంటే, ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులతో మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం) వస్తుంటే, మైలేజీ కారణం లేకుండా పడిపోతే చూడాలి. చెక్ ఇంజిన్ దీపం వెలిగి ఉంటే ఓబీడీ స్కానర్‌తో, అంటే కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చూపించే పరికరంతో, కోడ్ చదవండి. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని, పీ0302 అంటే రెండోదని అర్థం. పీ0300 వస్తే ఒక్క సిలిండర్‌కు పరిమితం కాని మిస్సింగ్ అని తెలుసుకోవాలి.

ఆ దీపం వెలిగి ఉండటం వేరు, ఆరిపోతూ వెలుగుతూ ఉండటం వేరు. నడుస్తుండగా మిణుకుమిణుకుమంటే మిస్సింగ్ తీవ్రంగా ఉందన్నమాట. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్ళి పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. అప్పుడు వీలైనంత త్వరగా పక్కన ఆపాలి.

సీఎన్‌జీ కార్లకు ఒక ప్రత్యేక మాట. గ్యాస్ మిశ్రమంలో నిప్పురవ్వ దూకడానికి పెట్రోలుకన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. కాస్త అరిగిన ప్లగ్గు పెట్రోలు మీద బాగానే నడిచి, సీఎన్‌జీకి మార్చగానే మిస్ అవుతుంది. గ్యాస్ మీదే ఎక్కువగా తిరిగే కారైతే ప్లగ్గులను ముందుగానే చూడండి. సీఎన్‌జీకి వేరే ప్లగ్గు నంబరు గాని, తక్కువ గ్యాప్ గాని మాన్యువల్‌లో ఇచ్చి ఉంటే అదే పాటించండి.

కావలసినవి

- సరైన నంబరు కొత్త ప్లగ్గులు. ఎన్ని కావాలో ముందే లెక్క చూసుకోండి. టాటా టియాగో, రెనో క్విడ్ వంటి మూడు సిలిండర్ల కార్లకు మూడు, చాలా కార్లకు నాలుగు చాలు. 2003లో వచ్చిన హోండా సిటీ ఐ-డీఎస్ఐ ఇంజిన్‌లో సిలిండర్‌కు రెండు చొప్పున ఎనిమిది ఉంటాయి.
- ప్లగ్గు సాకెట్. ఇప్పటి కార్లలో ఎక్కువగా 16 లేదా 14 మి.మీ., పాత కార్లలో 21 మి.మీ. లోపల రబ్బరు గాని అయస్కాంతం గాని ఉన్న సాకెట్ తీసుకోండి. మామూలు సాకెట్ ప్లగ్గును పట్టుకోదు, పైకి తీస్తుంటే జారి పడుతుంది.
- రాచెట్ హ్యాండిల్, పొడవైన ఎక్స్‌టెన్షన్ రాడ్డు, కాయిల్ బోల్టుకు సాధారణంగా 10 నంబరు సాకెట్.
- టార్క్ రెంచి, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పాన. లేకపోతే ఏం చేయాలో కింద చెప్పాను.
- గ్యాప్ కొలిచే గేజ్, వీలైతే తీగ రకం.
- గాలి కొట్టడానికి బ్లోయర్ లేదా కంప్రెసర్, కళ్ళద్దాలు, పొడి గుడ్డ, టార్చి.
- ఒక జానెడు రబ్బరు గొట్టం, ప్లగ్గు పైకొనకు బిగుతుగా పట్టేది. ఇది చాలా పనికివస్తుంది.
- అట్టముక్క. దానికి రంధ్రాలు చేసి 1, 2, 3, 4 అని రాసిపెట్టుకోండి.

విప్పడం

1. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. రాత్రి ఆపిన కారును పొద్దున్నే విప్పడం అన్నిటికన్నా మంచిది. ఎండలో తిరిగి వచ్చిన కారుకు ఒకటి రెండు గంటలు చాలవు. వేడి హెడ్డులోంచి ప్లగ్గు తీస్తే మరలు దెబ్బతింటాయి, చేతులు కాలడం సరేసరి.

2. తాళం తీసేయండి, బ్యాటరీ నెగెటివ్ కేబుల్ విప్పండి. బటన్ స్టార్ట్ కారైతే తాళాన్ని కారుకు దూరంగా ఇంట్లో పెట్టండి. హైబ్రిడ్ కారు ‘రెడీ’లో ఉంటే ఇంజిన్ తనంతట తానే తిరగవచ్చు. అది పూర్తిగా ఆఫ్ అయిందో లేదో రెండుసార్లు చూసుకోండి.

3. ఇంజిన్ మీది ప్లాస్టిక్ మూత తీసి, ఏ కాయిల్ ఎక్కడుందో, వైరు ఎటు వెళ్తోందో ఫోనుతో ఫొటో తీసుకోండి. కాయిళ్ళు కాకుండా ప్లగ్గు వైర్లు ఉన్న పాత కార్లలో ఈ ఫొటో తప్పనిసరి. వైర్లు తారుమారైతే ఇంజిన్ స్టార్ట్ కాదు, లేదా టపటపా పేలుతుంది.

4. చుట్టూ దుమ్ము తుడిచి గాలి కొట్టండి. తరువాత కాయిల్ కనెక్టర్ లాకును నొక్కి బయటికి తీయండి. పాత కార్లలో ఈ లాకులు వేడికి పెళుసెక్కి ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే విరుగుతాయి. బొటనవేలితో నొక్కుతూ కనెక్టర్‌ను ముందుగా కాస్త లోపలికి నెట్టి, ఆ తరువాత వెనక్కి లాగితే తేలికగా వస్తుంది. ఎప్పుడూ వైరు పట్టి లాగకండి.

5. బోల్టు విప్పి కాయిల్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ నిటారుగా పైకి తీయండి. ప్లగ్గు వైరైతే రబ్బరు టోపీ పట్టి తీయండి.

6. టార్చి వేసి ప్లగ్గు కూర్చున్న గొట్టంలోకి చూడండి. అక్కడ ఆకులు, ఇసుక, ఆయిల్, ఒక్కోసారి నీళ్ళు కూడా ఉంటాయి. బోనెట్ తెరిచి ప్రెషర్ వాష్ చేయించిన కార్లలో నీళ్ళు నిలిచి ప్లగ్గుకు తుప్పు పట్టడం మామూలే. ఆయిల్, నీళ్ళు ఉంటే కర్రకు చుట్టిన గుడ్డతో అద్ది తీయండి. కళ్ళద్దాలు పెట్టుకుని గాలి కొట్టండి.

7. సాకెట్ దించి ప్లగ్గును అర చుట్టు మాత్రమే వదులు చేయండి. ఆగి మళ్ళీ గాలి కొట్టండి. మరల చుట్టూ పట్టేసిన దుమ్ము అప్పుడే వదులుతుంది. ప్లగ్గు తీసేశాక ఆ గొట్టంలో ఏం పడినా నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది. ఒక్క ఇసుక రేణువు చాలు సిలిండర్ గోడ మీద గీత పడటానికి.

8. ఇప్పుడు పూర్తిగా విప్పి పైకి తీసి, అట్టముక్కలో దాని నంబరు రంధ్రంలో గుచ్చండి. తీసిన రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పండి. అనుభవం లేనివారు ఒకటి విప్పి, కొత్తది బిగించి, ఆ తరువాతే రెండోది ముట్టుకోవడం మంచిది.

ప్లగ్గు ఎంతకూ కదలకపోతే పొడవాటి పైపు తగిలించి లాగకండి. చివర్లో దాని గురించి రాశాను.

పాత ప్లగ్గును చదవడం

చూడబోయే ముందురోజు కారును ఊరి బయట సాఫీగా ఒక 15, 20 కిలోమీటర్లు నడిపి ఆపితే ప్లగ్గులు నిజమైన రంగు చూపిస్తాయి. ఇంటి ముందు చాలాసేపు ఊరికే స్టార్ట్ చేసి ఉంచి విప్పితే ఏ ప్లగ్గయినా కొంత మసిపట్టే ఉంటుంది.

ఎండలోకి తీసుకెళ్ళి ప్లగ్గులన్నిటినీ పక్కపక్కన పెట్టండి. ముందు రంగు కాదు, తేడా చూడండి. అన్నీ ఒకేలా ఉండి, ఆ రంగు బాగాలేకపోతే కారణం అన్ని సిలిండర్లకూ చెందినది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఆక్సిజన్ సెన్సర్ చెడిపోవడం, పెట్రోలు ఒత్తిడి తేడా రావడం లాంటివన్నమాట. మూడు బాగుండి ఒక్కటే వేరుగా ఉంటే తప్పు ఆ సిలిండర్‌లో ఉంది. దాని కాయిల్, ఇంజెక్టర్, వాల్వు సీలు, పిస్టన్ రింగులు చూడాలి. ఈ ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకుంటే అనవసరంగా సగం ఇంజిన్ విప్పించుకునే పని తప్పుతుంది.

ఇక రంగు. మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ ఉన్న పింగాణీ మూతిని చూడండి. ఫోను కెమెరాలో దగ్గరగా చూస్తే కంటికన్నా బాగా తెలుస్తుంది.

లేత గోధుమ రంగు, లేత బూడిద రంగు ఉంటే అంతా సవ్యంగా ఉంది. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో మూతి దాదాపు తెల్లగానే ఉండి, అంచున మాత్రం కాస్త రంగు కనిపించవచ్చు. అదీ మామూలే.

వేలికి అంటే పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ వెళ్తోందన్నమాట. కారు రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరుగుతున్నా ఇలాగే అవుతుంది, ఎందుకంటే ప్లగ్గు శుభ్రపడేంత వేడెక్కదు. నల్లగా ఉందనగానే ఇంజిన్ పాడైందని భయపడవద్దు. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి.

మూతి దగ్గర తడిగా, జిడ్డుగా, నల్లగా మెరుస్తుంటే సిలిండర్‌లోకి ఇంజిన్ ఆయిల్ వస్తోంది. వాల్వు సీళ్ళో రింగులో చూపించాలి. ఇక్కడ చాలామంది మోసపోతారు. ఆయిల్ ప్లగ్గు మూతి మీద ఉందా, పై భాగంలో పింగాణీ మీద, పాన పట్టే చోట ఉందా అని చూడండి. పైన మాత్రమే ఉంటే అది వాల్వు కవర్ కింద ఉండే రబ్బరు సీలు కారి గొట్టంలో చేరిన ఆయిల్. రింగులకు దానితో సంబంధం లేదు. సీళ్ళు, ప్యాకింగు మారిస్తే సరిపోయే పనికి ఇంజిన్ దించాలని ఎవరైనా అంటే ఈ తేడా చూపించి అడగండి.

తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తుంటే ఆ సిలిండర్‌లో నిప్పురవ్వ పడటం లేదు, లేదా స్టార్ట్ కాకపోయినా సెల్ఫ్ పదే పదే కొట్టి తడిపేశారు. రెండోదైతే ప్లగ్గులు ఆరబెట్టి మళ్ళీ బిగిస్తే చాలు. విప్పకుండానే సరిచేసే మార్గం కూడా ఉంది. చాలా ఇంజెక్షన్ కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే పెట్రోలు ఆగి గాలి మాత్రమే వెళ్తుంది, సిలిండర్ ఆరుతుంది.

సున్నం కొట్టినంత తెల్లగా ఉండి, పింగాణీ మీద పొక్కులు లేచి, ఎలక్ట్రోడ్ అంచులు కరిగినట్టు ఉంటే విషయం తీవ్రమైనదే. ప్లగ్గు వదులుగా బిగించడం, హీట్ రేంజి తప్పడం, పెట్రోలు తక్కువ వెళ్ళడం, ఇంజిన్ వేడెక్కడం కారణాలు కావచ్చు. కొత్త ప్లగ్గులు వేసి మరచిపోవద్దు, కారణం కనుక్కోకుండా హైవే మీదికి తీసుకెళ్ళవద్దు.

ఒక్క ప్లగ్గు మాత్రం మిగతావాటికన్నా విచిత్రంగా కడిగినట్టు శుభ్రంగా ఉండి, రేడియేటర్ కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే, ఆ సిలిండర్‌లోకి కూలెంట్ కారుతోందేమోనని అనుమానించాలి. హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించండి.

ఇక ప్లగ్గు పై భాగం. తెల్ల పింగాణీ మీద, ఉక్కు అంచుకు ఆనుకుని గోధుమ రంగు మరక వలయంలా కనిపిస్తే గ్యాస్ లీకవుతోందని కొందరు చెబుతారు. అది లీకు కాదు. అధిక వోల్టేజీ వల్ల గాలిలోని ఆయిల్ తుంపరలు అక్కడ అంటుకుని పడే మరక. దానివల్ల నష్టమేమీ లేదు. కానీ పింగాణీ మీద పై నుంచి కిందికి సన్నటి నల్ల గీత ఉంటే అది వేరు. కరెంటు మూతి దాకా వెళ్ళకుండా బయటి నుంచే దూకేస్తోందన్నమాట. ఆ కాయిల్ రబ్బరు టోపీ లోపల కూడా అలాంటి గీత ఉంటుంది. ప్లగ్గు ఒక్కటే మార్చి పాత టోపీ ఉంచితే కొన్నాళ్ళకే మిస్సింగ్ తిరిగి వస్తుంది.

పింగాణీకి పగులు ఉన్నా, మధ్య ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా అరిగినా ఆ ప్లగ్గు పని అయిపోయినట్టే. మల్టీమీటర్ ఉంటే రెసిస్టర్ ఉన్న ప్లగ్గు పైకొన నుంచి మధ్య ఎలక్ట్రోడ్ దాకా కొలవండి. సుమారు 5 వేల ఓమ్‌ల దగ్గర రావాలి. అసలు కనెక్షనే చూపించకపోతే పారేయండి.

నికెల్ ప్లగ్గు ఆయుష్షు ఇంకా మిగిలి, కాస్త మసి మాత్రమే ఉంటే మెత్తటి ఇత్తడి బ్రష్‌తో తుడిచి తిరిగి వాడుకోవచ్చు. ఇరిడియం, ప్లాటినం ప్లగ్గులకు బ్రష్, గరుకు కాగితం ఏదీ తగలనివ్వకండి. కొన మీది సన్నటి లోహం ఊడిపోతుంది.

గ్యాప్ చూడటం

9. కొత్త ప్లగ్గులు గ్యాప్ సరిచేసే వస్తాయి, అయినా దారిలో దెబ్బ తగిలి ఉండవచ్చు. తీగ గేజ్‌ను మధ్యలో దూర్చి చూడండి. కాస్త రాసుకుంటూ వెళ్తే సరిగ్గా ఉన్నట్టు. నికెల్ ప్లగ్గుకు తేడా ఉంటే పక్క ఎలక్ట్రోడ్‌ను మాత్రమే కొద్ది కొద్దిగా వంచాలి. మధ్య ఎలక్ట్రోడ్ మీద గేజ్‌ను ఆనించి తెరవకండి, పింగాణీ పగులుతుంది. ఇరిడియం ప్లగ్గు గ్యాప్ తేడాగా ఉంటే సరిచేయబోకుండా దుకాణంలో మార్చుకోండి.

చేతిలోంచి జారి నేల మీద పడిన ప్లగ్గును వాడవద్దు. బయటికి బాగానే కనిపించినా లోపల పింగాణీ పగిలి ఉండవచ్చు.

బిగించడం

10. మరలకు గ్రీజు గాని, రాగి పేస్టు గాని పూయకండి. ఇప్పటి ప్లగ్గుల మరలకు ముందే లోహపు పూత ఉంటుంది. పేస్టు పూస్తే మరలు జారి, అదే బలానికి ప్లగ్గు ఎక్కువగా బిగుసుకుంటుంది, టార్క్ లెక్క తప్పుతుంది.

11. ప్లగ్గు పైకొనకు రబ్బరు గొట్టం తగిలించి, హెడ్డులో ప్లగ్గు కూర్చునే గొట్టంలోకి నిదానంగా దించండి. సాకెట్‌తో పడేసినట్టు వదిలితే కింద తగిలి గ్యాప్ మూసుకుపోతుంది. దించాక ముందు ఎడమవైపుకు, అంటే విప్పే వైపుకు, నెమ్మదిగా తిప్పండి. ఒకచోట ప్లగ్గు సన్నగా కిందికి దిగినట్టు వేళ్ళకు తెలుస్తుంది. మర మొదలు అక్కడే. అక్కడి నుంచి కుడివైపుకు తిప్పండి. సరిగ్గా పట్టుకుంటే వేళ్ళతోనే హాయిగా తిరుగుతుంది. వంకరగా పట్టుకుంటే రబ్బరు గొట్టం ప్లగ్గు మీద జారిపోతుంది, మరలను పాడుచేసేంత బలం దానికి లేదు. రాచెట్‌కు మాత్రం ఆ బలం ఉంది, అందుకే మొదలుపెట్టేటప్పుడు రాచెట్ వద్దు.

14 మి.మీ. ప్లగ్గుకు మరకూ మరకూ మధ్య దూరం 1.25 మి.మీ. కాబట్టి 19 మి.మీ. పొడవున్న ప్లగ్గు పూర్తిగా దిగడానికి సుమారు 15 చుట్లు పడుతుంది. ఒకటి రెండు చుట్లకే బిగిసిందంటే అది బిగిసినట్టు కాదు, వంకరగా పట్టుకున్నట్టు. వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టండి.

12. వాషర్ హెడ్డుకు తగిలి వేళ్ళకు ఆగిపోయాక టార్క్ రెంచితో బిగించండి. వాషర్ ఉన్న ప్లగ్గులకు, అల్యూమినియం హెడ్డుకు సాధారణ కొలతలు ఇవి: 14 మి.మీ. మరలకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.కు 15 నుంచి 20, 10 మి.మీ.కు 10 నుంచి 12. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

టార్క్ రెంచి లేకపోతే ఎక్స్‌టెన్షన్ రాడ్డు మీద సుద్దతో గీత గీసి, వేళ్ళకు ఆగిపోయిన చోటి నుంచి లెక్కపెట్టండి. కొత్త వాషర్ అయితే అర చుట్టు. వాడిన ప్లగ్గునే తిరిగి వేస్తుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు. గడియారంలో ఒక గంట దూరమన్నమాట. వాషర్ లేకుండా శంఖు ఆకారపు అంచుతో కూర్చునే ప్లగ్గులకు పదహారో వంతే.

‘ఇంకాస్త బిగిస్తే ఊడదు కదా’ అనే ఆలోచన వద్దు. ఎక్కువ బిగిస్తే ప్లగ్గు మెడ సాగి లోపలే విరగవచ్చు. తక్కువైనా తప్పే. వేడి హెడ్డులోకి దిగక మూతి కాలిపోతుంది, ఒత్తిడికి ప్లగ్గు ఊడి మరలతో సహా బయటికి రావచ్చు.

13. కాయిల్ దించి బోల్టు బిగించండి. ఈ చిన్న బోల్టు దిగేది చాలాచోట్ల ప్లాస్టిక్‌లోకి గాని అల్యూమినియంలోకి గాని, మణికట్టు బలం చాలు. కనెక్టర్ ‘టక్’మని పట్టేదాకా నొక్కండి. అన్నీ అయ్యాక ఒక్కొక్క కనెక్టర్‌ను మెల్లగా వెనక్కి లాగి చూడండి. ప్లగ్గులు మార్చాక మిస్సింగ్ మొదలైందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం సగమే పట్టిన కనెక్టర్లవి.

సరిగ్గా అయిందో లేదో చూడటం

బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయండి. నిమిషం పాటు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా వినండి. బ్యాటరీ విప్పినందువల్ల మొదట్లో ఐడ్లింగ్ కాస్త అటూ ఇటూ కావచ్చు, గడియారం, రేడియో కూడా మళ్ళీ సెట్ చేయాల్సి రావచ్చు. ‘టఫ్ టఫ్’మని లయగా గాలి చప్పుడు వస్తుంటే ఒక ప్లగ్గు వదులుగా ఉంది. ఆపి, చల్లారాక చూడండి.

తరువాత ఒక పది కిలోమీటర్లు నడపండి. మూడో నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి చూడండి. ప్లగ్గులో, కాయిల్‌లో లోపం ఉంటే ఆ భారానికి బయటపడుతుంది. సీఎన్‌జీ కారైతే రెండు ఇంధనాల మీదా నడపండి.

మిస్సింగ్ ఇంకా ఉండి, స్కానర్ ఒకటో సిలిండర్ అంటుంటే కొత్త కాయిల్ కొనకముందే ఒక పరీక్ష చేయండి. ఒకటో కాయిల్‌ను రెండో చోట, రెండోదాన్ని ఒకటో చోట పెట్టండి. కోడ్ చెరిపి మళ్ళీ నడపండి. ఈసారి పీ0302 వస్తే తప్పు కాయిల్‌దే. పీ0301 అలాగే ఉంటే ప్లగ్గులను కూడా అలా మార్చి చూసి, ఆ తరువాత ఇంజెక్టర్ వైపు వెళ్ళాలి. నడుస్తున్న ఇంజిన్ మీద కాయిల్‌నో వైరునో పీకి ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూసే పాత పద్ధతి మాత్రం వద్దు. షాక్ గట్టిగా కొడుతుంది, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) దెబ్బతినవచ్చు.

ప్లగ్గు కదలకపోతే, మరలు పోతే

పట్టేసిన ప్లగ్గు మొదలు దగ్గర మరల చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ కొద్దిగా వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున పావు చుట్టు విప్పండి, గట్టిగా అనిపించగానే మళ్ళీ కాస్త బిగించండి, మళ్ళీ విప్పండి. కిర్రుమంటూ శబ్దం వస్తుంటే ఇంకొన్ని చుక్కలు వేసి ఆగండి. ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయడానికి ఒక్కో ప్లగ్గుకు అరగంట పట్టినా పరవాలేదు. అయినా కదలకపోతే ఉన్న ప్లగ్గును అలాగే ఉంచి, కాయిల్ బిగించి, కారును నడిపించుకుంటూ మంచి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. విరగ్గొట్టాక తీసుకెళ్తే లారీ మీద తీసుకెళ్ళాలి.

ప్లగ్గుతో పాటు అల్యూమినియం తీగలా ఊడి వస్తే హెడ్డు మరలు పోయినట్టే. అదే రంధ్రంలో టేపు చుట్టి, పేస్టు పూసి ప్లగ్గు బిగించే ప్రయత్నం చేయవద్దు. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, లోపల ఉక్కు మరల తొడుగు వేసే పద్ధతి ఉంది, చాలా లేత్ వర్కుషాపుల్లో చేస్తారు. హెడ్డు దించకుండా చేస్తామని వాళ్ళు చెబితే, కోసేటప్పుడు రాలే లోహపు పొడి సిలిండర్‌లో పడకుండా ఏం చేస్తారో ముందే అడగండి. కోసే పనిముట్టుకు దట్టంగా గ్రీజు పట్టించి పొడిని పట్టుకోవాలి, ప్రతి రెండు మూడు చుట్లకూ తీసి తుడవాలి, చివరికి సన్నటి గొట్టంతో సిలిండర్ లోపల వ్యాక్యూమ్ పట్టాలి. ఈ మూడూ చేయని చోట హెడ్డు దించి చేయించుకోండి.